కాలరు అరగలేదన్న మనిషి: సినిమా పాఠాలు చెప్పేవారికి బహిరంగ లేఖ

సినిమా రసాస్వాదన తరగతులు నడిపే అధ్యాపకులకు, ఫిల్మ్ సొసైటీల నిర్వాహకులకు, శని ఆదివారాల్లో వర్క్‌షాపులు పెట్టేవారికి,

నమస్కారం. కొన్నేళ్ళ కిందట మీలాంటివారొకరు నడిపిన రెండు రోజుల తరగతికి వచ్చి, మొదటి రోజు భోజనాల వేళకే లేచి వెళ్ళిపోయిన మనిషిని నేను. ఆ రోజు చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నాళ్ళకు రాస్తున్నాను.

దాదాపు నలభై మందిమి ఉన్నాం. పొద్దున్నంతా తెర మీద మాటలే వచ్చాయి, బొమ్మ రాలేదు. మిజాన్‌సెన్, డైజెటిక్ సౌండ్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, మోంటాజ్. ఒక్కోదానికి ఒక నిర్వచనం. బుద్ధిగా రాసుకున్నాం. పదకొండున్నరకు మొదటిసారి ఒక సీను వేశారు. పేద కుర్రాడొకడు ఉద్యోగం అడగడానికి ఒక ఆఫీసులోకి వెళ్తాడు, అంతే. లైట్లు వేశాక "ఏం గమనించారు?" అని అడిగారు. అందరం తలలు దించుకున్నాం. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం చెయ్యెత్తాడు. "ఆ అబ్బాయి చొక్కా భుజాల మీద రంగు వెలిసింది గానీ కాలరు మడత అరగలేదండి. ఏళ్ళ తరబడి తొడిగిన చొక్కాకి మొట్టమొదట పోయేది అక్కడే" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. పాఠం చెప్పేవారు కూడా నవ్వి, "మనం తప్పులు వెతకడానికి రాలేదు, ఫ్రేము గురించి మాట్లాడుకుందాం" అంటూ ముందుకు వెళ్ళిపోయారు. ఆ పెద్దాయన చెయ్యి మళ్ళీ లేవలేదు. బయట చెప్పులు వేసుకుంటున్నప్పుడు "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగాను. "బట్టలు కుడతాను బాబూ" అన్నాడు.

ఆ పొద్దున ఆ హాల్లో సినిమా చూసింది ఆయనొక్కడే. మేమంతా మెప్పు పొందే జవాబు కోసం తడుముకుంటుంటే ఆయన చొక్కాని చూశాడు. ఆ చొక్కా గాల్లోంచి ఊడిపడలేదు కదా. సినిమాకి బట్టలు కుట్టడం ఒక పని, కుట్టినవాటిని పాతబెట్టడం, అంటే వాడి వాడి అరిగినట్టు చేయడం, ఇంకో పని. గరుకు కాగితంతో మోచేతుల దగ్గర రుద్దుతారు. ఇనుప బ్రష్షుతో అంచులు గీకుతారు. కొత్త తెలుపు కొట్టొచ్చినట్టు ఉండకుండా టీ నీళ్ళలో ముంచుతారు. జేబుల్లో బరువులేసి సాగదీస్తారు. ఆ పని ఎవరో చేశారని, చేస్తూ చేస్తూ కాలరు దగ్గర ఆపేశారని ఆయన కన్ను పట్టుకుంది. పాత్ర అంటే ఏమిటో చెప్పడానికి ఆ పొద్దున అంతకన్నా మంచి దారి దొరికేది కాదు. దాన్ని నవ్వుతో మూసేశాం. మేం అని ఎందుకంటున్నానంటే, నేనూ నవ్వాను.

ఆయన, నేను, తర్వాత ఒకరొకరుగా తోడైన ఇంకో ఏడుగురం వీలైనప్పుడల్లా ఒకచోట కూర్చుని సినిమాలు చూస్తున్నాం. ఒక నర్సు, పదేళ్ళ వాళ్ళబ్బాయి, రిటైరైన లెక్కల మాస్టారు, ఒక ఎలక్ట్రీషియన్, ఇంకొందరు. మా దగ్గర గురువులెవరూ లేరు. నేను కాస్త చదువుకుని వస్తాను, అంతవరకే. ఈ లేఖలో ఉన్నదంతా ఆ గదిలో తేలినదే.

మీ తరగతుల్లో ఎప్పుడో ఒకప్పుడు వినిపించే కథ ఒకటుంది. సినిమా పుట్టిన తొలి రోజుల్లో లూమియర్ సోదరులు పారిస్‌లో తెర మీద రైలును చూపిస్తే, అది మీదికి వచ్చేస్తోందని జనం కుర్చీలు వదిలి పారిపోయారట. 1895 డిసెంబరు 28న గ్రాండ్ కఫేలో టిక్కెట్టు పెట్టి వేసిన తొలి ఆటలో పది చిట్టి చిత్రాలున్నాయి, ఒక్కోటీ నిమిషం లోపే. వాటిలో ఆ రైలు లేనే లేదు. అది జనం ముందుకు వచ్చింది 1896లో. వచ్చాకైనా జనం పరుగులు తీశారనడానికి ఆనాటి గట్టి సాక్ష్యమేదీ చరిత్రకారులకు దొరకలేదు. అయినా ఆ కథ చావదు. ఎందుకంటే చెప్పేవారికి అది హాయిగా ఉంటుంది. ప్రేక్షకుడు అమాయకుడు, తెరకీ నిజానికీ తేడా తెలియనివాడు, మనం వెళ్ళి కళ్ళు తెరిపించాలి అన్న ధీమా అందులో ఉంది.

ప్రేక్షకులకు సినిమా నేర్పాలన్న ఆలోచన పుట్టుకలోనే ఆ ధీమాతో పాటు కొంత భయం కూడా ఉంది. అమెరికాలో 1929 నుంచి పెయిన్ ఫండ్ అనే ధర్మనిధి డబ్బుతో, సినిమాలు పిల్లల్ని ఏం చేస్తున్నాయని వరసగా పరిశోధనలు సాగాయి. నిద్ర చెడుతోందా, నేరాలు నేర్చుకుంటున్నారా, ఇలా. ఆ బృందంలోని ఎడ్గర్ డేల్ 1933లో హైస్కూలు విద్యార్థులకు సినిమా ఎలా చూడాలో చెప్పే పాఠ్యపుస్తకం రాశాడు. పాపం ఆయన ఉద్దేశం మంచిదే, పుస్తకం కూడా తీసిపారేసేది కాదు. కానీ నేపథ్యం అది. రోగం వస్తుందేమోనని ముందే టీకా వేయించడం లాంటిది.

రెండో దారి కూడా అప్పటికే ఉంది, ఇష్టంతో కలిసి చూసి మాట్లాడుకోవడం. 1920ల్లో పారిస్‌లో సినీ క్లబ్బులు, 1925లో లండన్‌లో ఫిల్మ్ సొసైటీ, 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, వాళ్ళ మిత్రులు కలిసి పెట్టుకున్న కలకత్తా ఫిల్మ్ సొసైటీ. ఈ దారిలో నాకు బాగా ఇష్టమైన మనిషి ఫ్రెంచి సినిమా విమర్శకుడు ఆంద్రే బాజిన్. ఆయనకు నత్తి. బడిపంతులు కావాలని చదివితే మౌఖిక పరీక్షలో ఆ నత్తే అడ్డం పడింది. బడిలోకి రానివ్వని ఆ మనిషి యుద్ధం తర్వాత సినిమా రీళ్ళు వెంటబెట్టుకుని కార్మికుల దగ్గరికి, ఫ్యాక్టరీలకు వెళ్ళి, ఆట అయ్యాక వాళ్ళతో కూర్చుని మాట్లాడేవాడు. 1951లో ఆయన తోటివారితో కలిసి మొదలుపెట్టిన 'కాయే దు సినేమా' పత్రిక పేరు సినిమా విద్యార్థులందరికీ తెలుసు. ఫ్యాక్టరీల సంగతి అంత మందికి తెలియదు. 1958లో, నలభై ఏళ్ళకే పోయాడు. సీనును చిన్న చిన్న షాట్లుగా ముక్కలు చేయకుండా, దగ్గరిదీ దూరానిదీ ఒకేసారి స్పష్టంగా కనిపించేలా తీస్తే, ఎటు చూడాలో తేల్చుకునే స్వేచ్ఛ ప్రేక్షకుడి కంటికి మిగులుతుందని ఆయన వాదన. ఆ వాదనతో తగవు పడేవాళ్ళున్నారు, నేను కూడా అప్పుడప్పుడూ పడతాను. కానీ పని ముగించుకుని వచ్చి బల్లల మీద కూర్చున్న జనంతో మాట్లాడిన మనిషికే చూసేవాడి స్వేచ్ఛ మీద అంత పట్టు కలుగుతుందేమోనని నా అనుమానం.

ఇక చూసేవాడికి ఏమీ తెలియదన్న మాట. టర్కీలో, జీవితంలో ఎన్నడూ సినిమా గానీ టీవీ గానీ చూడని పెద్దవాళ్ళను వెతికి పట్టుకుని, వాళ్ళకు చిన్న చిన్న వీడియో ముక్కలు చూపించి చేసిన పరిశోధన ఒకటి 2010లో వెలువడింది. చాలా కట్‌లు, అంటే ఒక షాటు తెగి ఇంకో షాటు మొదలయ్యే చోట్లు, వాళ్ళకు కొరుకుడు పడలేదు. ఒక షాటులో ఇల్లు, తర్వాతి షాటులో ఇంట్లో కూర్చున్న మనిషి కనిపిస్తే ఆ రెండూ ఒకే చోటని తోచలేదు. కానీ ముక్కల గుండా తమకు అలవాటైన పని ఒకటి వరసగా సాగుతుంటే మాత్రం మధ్యలో ఎన్ని కట్‌లున్నా పోల్చుకున్నారు. నాకు ఇందులో రెండు సంగతులు కనిపించాయి. కట్‌ను చదవడం పుట్టుకతో వచ్చేది కాదు, మనమంతా ఎక్కడో నేర్చుకున్నాం, నేర్చుకున్నామన్న సంగతి మర్చిపోయాం. మొదటిసారి చూసేవాడు సైతం తనకు తెలిసిన పని పట్టుకునే లోపలికి వస్తాడు. మా దర్జీ గారు చొక్కా పట్టుకుని వచ్చినట్టు.

ఎలక్ట్రీషియన్ సంగతి చెబుతాను. ఒక రోజు రాత్రి సీను చూస్తున్నాం. గదిలో మంచం పక్కన ఒకే ఒక్క దీపం. ఆయన ఉన్నట్టుండి "ఆగండాగండి" అన్నాడు. ఆపాం. "దీపం ఆవిడకి కుడి పక్కనుంది. మరి జుట్టు అంచు ఎడమ పక్క వెనక నుంచి మెరుస్తోందేంటి? అక్కడ ఇంకో లైటుండాలి." లేచి వెళ్ళి తెర మీద వేలు పెట్టి చూపించాడు. నిజమే. ముఖం వెనక చీకట్లో కలిసిపోకుండా పెట్టే బ్యాక్ లైటు అది. అప్పుడు చెప్పాను, షూటింగులో కెమెరామన్ కింద దీపాల పనంతా చూసే పెద్ద ఎలక్ట్రీషియన్‌ని గ్యాఫర్ అంటారని. ఆయన ముఖం చూడాల్సింది. ఆ మాటను ఎవరూ నోట్సులో రాయించలేదు. ఇక మర్చిపోడు.

నర్సు సంగతి ఇంకా బాగుంటుంది. ఆసుపత్రి సీన్లు వస్తే ఆవిడ లేచి వంటింట్లోకి పోయేది. "గుండె గీత తిన్నగా అయిపోయాక షాకివ్వరండీ. గీత అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నప్పుడు ఇస్తారు. ప్రతి సినిమాలో ఇదే తప్పు" అని విసుక్కునేది. మొదట్లో మేమూ దాన్ని తప్పుల ఖాతాలో వేశాం. ఒక రోజు లెక్కల మాస్టారు అడిగారు, "అందరూ అదే తప్పు చేస్తున్నారంటే అది తప్పు కాదేమో అమ్మా. ఆ గీతతో వాళ్ళకేదో పనుంది." చాలాసేపు మాట్లాడుకున్నాం. అడ్డదిడ్డంగా కదిలే గీత మామూలు ప్రేక్షకుడికి ఇంకా బతికున్నాడనే చెబుతుంది. చావును ఒక్క గీతలో, ఒక్క కూతలో చెప్పాలంటే తిన్నటి గీతే కావాలి. వైద్యం దృష్టిలో అబద్ధం, బొమ్మ దృష్టిలో అవసరం. ఇంతకీ నర్సు ఒప్పుకుందా అంటే ఒప్పుకోలేదు. "దీన్ని చూసి జనం అదే నిజమనుకుంటారు" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. సినిమా గురించి నేను విన్న మంచి చర్చల్లో అదొకటి. మీ తరగతిలో అయితే అది "మనం తప్పులు వెతకడానికి రాలేదు" దగ్గరే ఆగిపోయేది.

ఇంత చెప్పి, మీరు మాట్లాడొద్దని అడుగుతున్నానా? జపాన్‌లో మూకీల కాలంలో బెన్షీలని ఉండేవారు. తెర పక్కన నిలబడి కథ చెబుతూ, అన్ని పాత్రలకూ తామే గొంతులిస్తూ, ఏ చూపుకు ఏ అర్థమో విప్పుతూ ఆట నడిపించేవారు. వాళ్ళ పేరు చూసి టిక్కెట్టు కొనే జనం ఉండేవారు. దర్శకుడు అకిరా కురొసావాకు స్వయానా అన్న అలాంటి బెన్షీయే. 1930ల్లో టాకీలు కమ్ముకొచ్చేసరికి వాళ్ళ బతుకులు కూలిపోయాయి, సమ్మెలు చేసినా నిలబడలేదు. అదొక గొప్ప కళ, దాన్ని తక్కువ చేయను. అయితే బెన్షీ గొంతు ఎంత బాగుంటే జనం తెర చూడటం అంత తగ్గుతుంది. మన తరగతుల్లో చాలామంది బెన్షీలున్నారు. సీను ఆపి, "ఇక్కడ ఎరుపు రంగు ఆమె అణచుకున్న కోపానికి గుర్తు" అని చెప్పేస్తారు. చెప్పాక ఇంకేం మిగిలింది? ఎరుపు కనిపించిన ప్రతిచోటా కోపం అని రాసుకోవడమే.

మేం తంటాలు పడి పట్టుకున్న పద్ధతి మూడు ప్రశ్నలది. ఏమనిపించింది? ఎక్కడ అనిపించింది? వాళ్ళేం చేస్తే అలా అనిపించింది? మొదటి ప్రశ్నకు తప్పు జవాబు లేదు కాబట్టి అందరూ నోరు విప్పుతారు. అసలు పనంతా రెండోదానిది, దానికే సమయం పడుతుంది. దాన్ని దాటేసి నేరుగా మూడోదాంట్లోకి దూకడమే మీ తరగతుల్లో జరుగుతున్న పొరపాటని నా ఫిర్యాదు.

ఒక్క సీనుతో చూపిస్తాను. తండ్రీ కూతుళ్ళు బల్ల దగ్గర భోజనం చేస్తున్నారు. రెండు నిమిషాలుంటుంది. మాట్లాడుకునేవి ఊసుపోక కబుర్లు. అయిపోయాక ఏమనిపించిందంటే ఆరుగురు ఒకటే మాటన్నారు, "ఆ పిల్ల ఇల్లొదిలి వెళ్ళిపోతుంది." ఎవరూ ఆ మాట సీనులో అనలేదు. మరి ఎక్కడ అనిపించింది? ఒకరు చివర్లో అన్నారు, ఒకరు నీళ్ళ గ్లాసు దగ్గర అన్నారు. మళ్ళీ వేశాం. ఈసారి గొంతు నొక్కేసి, బొమ్మ మాత్రమే. పిల్లవాడు "ఇక్కడ!" అని అరిచాడు. ఆపి చూస్తే గ్లాసు దగ్గరే. ఏం మారిందక్కడ? ఐదు నిమిషాల పాటు తెలియలేదు. ముఖాలు చూశాం, చేతులు చూశాం. చివరికి నర్సు అంది, "అంతవరకూ ఇద్దరూ ఒకే బొమ్మలో ఉన్నారు. గ్లాసు దగ్గర్నుంచి ఎవరి బొమ్మ వాళ్ళది." మళ్ళీ వేసి చూశాం. నిజంగానే అక్కణ్నుంచి చివరిదాకా ఆ ఇద్దరూ ఒక్క ఫ్రేములో కనబడరు. పిల్ల ఇంకా బల్ల దగ్గరే ఉంది, అన్నం తింటూనే ఉంది. కెమెరా మాత్రం ఆమెను అప్పుడే పంపించేసింది.

టూ షాట్ అనీ సింగిల్ అనీ అప్పుడు చెప్పాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. వాళ్ళకు ఆ మాటల అవసరం పడింది, అందుకే వెంటనే అందుకున్నారు. మీ పారిభాషిక పదాల మీద నాకు పగ లేదండీ. వస్తువు చేతికి రాకముందే దాని పేరు బట్టీ పట్టించడం మీదే నా గొడవంతా.

మూడోసారి తెర మీద దుప్పటి కప్పేసి శబ్దం ఒక్కటే విన్నాం. ఇది మీరు ఒక్కసారి చేసి చూడండి, ప్రాధేయపడుతున్నాను. బొమ్మ ఉన్నప్పుడు ఎవరికీ వినబడని గోడ గడియారం టిక్ టిక్ మొదట్నుంచీ ఉంది. పిల్ల కుర్చీ జరిపిన చప్పుడుతో అది ఆగిపోయింది. గడియారం అలా ఆగదు కదా, ఎవరో ఆపారు. శబ్దాల వెనక మనుషులుంటారన్నది మా గదిలో చాలామందికి కొత్త సంగతి. 1920ల చివర, టాకీల తొలినాళ్ళలో యూనివర్సల్ స్టూడియోలో జాక్ ఫోలీ అనే మనిషి తెర ముందు నిలబడి బొమ్మకు తగ్గట్టు అడుగుల చప్పుళ్ళు, బట్టల రెపరెపలు చేసేవాడు. ఆ పనికి ఈనాటికీ ఆయన పేరే. మంచు మీద నడక కావాలంటే తోలు సంచిలో మొక్కజొన్న పిండి పోసి పిసుకుతారు. ఎముక విరగాలంటే సెలెరీ కాడలు విరుస్తారు. ఇది విన్న పిల్లవాడు ఆ వారమంతా ఇంట్లో దొరికినవన్నీ పిసికి, విరిచి ఫోనులో రికార్డు చేసుకొచ్చాడు. వాళ్ళమ్మ నన్ను ఇంకా పూర్తిగా క్షమించలేదు.

రష్యన్ దర్శకుడు కులెషోవ్ ప్రయోగం గురించి మీరు తొలి గంటలోనే చెబుతారు. అదే ముఖం, పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక; పక్కనున్నదాన్ని బట్టి ఆ ముఖంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం కనిపిస్తాయని. ఆ అసలు ఫిలిం నేడు ఎక్కడా మిగల్లేదని, దాంట్లో ఏమేం చూపించారో చెప్పినవాళ్ళ మాటల్లోనే తేడాలున్నాయని మాత్రం చెప్పరు. చెప్పడం దేనికి, చేయించండి. ఈ కాలంలో జేబులో కెమెరా లేనివాళ్ళు తక్కువ. ఒకరి ముఖం, ఒక ఖాళీ కుర్చీ, ఒక తలుపు. మూడు షాట్లు తీసి వరస మార్చి చూసుకుంటే పావుగంట పని. కులెషోవ్ శిష్యులకు ముడి ఫిలిం దొరక్క, కెమెరా లేకుండానే సినిమాలా వేదిక మీద ఆడి చూపించేవారు. మనకున్న ఇబ్బంది అది కాదు.

నిడివి గురించి ఒక మాట. ఇప్పుడు సినిమాను ఒకటిన్నర రెట్లు వేగంతో చూసేవాళ్ళు ఎక్కువయ్యారని మీరు బాధపడుతుంటారు. బాధ నాకూ ఉంది. మందలిస్తే మానరు. మా లెక్కల మాస్టారు ఒక రోజు పుస్తకం తెచ్చుకుని నాలుగు నిమిషాల సీనులో కట్ పడ్డప్పుడల్లా ఒక గీత గీశారు. 61 షాట్లు. సగటున షాటుకు నాలుగు సెకన్ల లోపు. హాలీవుడ్‌లో 1930 నుంచి 1960 దాకా షాటు సగటు ఎనిమిది నుంచి పదకొండు సెకన్లు ఉండేదని, శతాబ్దం చివరికి మూడు నుంచి ఆరుకు పడిందని సినిమా పరిశోధకుడు డేవిడ్ బోర్డ్‌వెల్ వేసిన లెక్క చెప్పాను. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "సగటు మోసం చేస్తుంది. దీంట్లో ఒక్క షాటే ముప్పై ఎనిమిది సెకన్లుంది. దాని సంగతి చెప్పు" అన్నారు. ఆ ముప్పై ఎనిమిది సెకన్లలో ఒక మనిషి ఉత్తరం చదువుకుంటాడు, అంతే. అదే షాటును ఒకటిన్నర రెట్లతో వేస్తే పాతిక సెకన్లలో అయిపోయింది. ఆయన ఉత్తరం చదివినట్టు లేదు, కరెంటు బిల్లు చూసుకున్నట్టుంది. అందరం నవ్వాం. సెకనుకు 24 ఫ్రేముల్లో ఒక ఆరు ఫ్రేములు ఉంచాలా తీయాలా అని, అంటే పావు సెకను కోసం, ఎడిటర్లు గంటలు గంటలు కూర్చుంటారని అప్పుడు చెబితే చెవికెక్కింది. మా గదిలో వేగం పెంచే మీట జోలికి ఇప్పుడెవరూ పోరు. ఇళ్ళకు వెళ్ళాక ఏం చేస్తారో నేనడగను.

గొప్ప సినిమాల జాబితాల గురించి ఎక్కువ చెప్పను. బ్రిటన్‌లోని సైట్ అండ్ సౌండ్ అనే సినిమా పత్రిక 1952 నుంచి పదేళ్ళకోసారి విమర్శకుల ఓట్లతో వేసే జాబితాలో 1962 నుంచి 2002 దాకా ఒకే సినిమా మొదటి చోట కూర్చుంది. 2012లో దాన్ని ఇంకోటి దించింది, 2022లో మరోటి వచ్చింది. ఒక మహిళ తీసిన సినిమా ఆ చోటికి రావడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. జాబితా ఇస్తే ఈ కథ కూడా కలిపి ఇవ్వండి.

అడగాల్సినవి అడిగేస్తాను.

రెండు రోజుల్లో పది సినిమాలు చూపించే బదులు ఒక్కదాన్ని రెండుసార్లు చూపించండి. రెండోసారి చూస్తున్నప్పుడు కథ ఏమవుతుందన్న ఆత్రం ఉండదు, కన్ను తీరిగ్గా తిరుగుతుంది. ఖర్చు లేని పని. అయినా ఎక్కడా చేయరు.

వాళ్ళకు ఇష్టమైన సినిమాతో మొదలుపెట్టండి. మీకు నచ్చనిదైనా సరే, మీకు నచ్చనిదైతే ఇంకా మంచిది. జనం ఈలలు వేసిన ఒక ఫైటు సీను తీసుకుని, ఈల సరిగ్గా ఏ ఫ్రేము దగ్గర మొదలైందో వెతికించండి. హీరో ముఖం కనబడ్డప్పుడా, దానికి ముందు చెప్పు కనబడ్డప్పుడా, ఇంకా ముందు రీరికార్డింగ్ ఒక్కసారి ఆగినప్పుడా? అక్కడ నేర్చుకున్న చూపు ఎంత కష్టమైన సినిమాకైనా పనికొస్తుంది. అదే సెకండాఫ్ సాగిందని విసుక్కున్న సినిమా అయితే, సరిగ్గా ఏ సీనులో చెయ్యి ఫోను మీదికి పోయిందో వాళ్ళనే చెప్పమనండి. బాగాలేని సీను నేర్పినంత బాగా చాలా గొప్ప సీన్లు నేర్పవు.

పిల్లల్ని వీలైతే హాలుకే తీసుకెళ్ళండి. ఫ్రాన్స్‌లో 1989 నుంచి మాధ్యమిక పాఠశాలల పిల్లలకు, 1994 నుంచి చిన్న తరగతులకు కూడా, బడి వేళల్లోనే సినిమా హాలుకు తీసుకెళ్ళి ఎంపిక చేసిన సినిమాలు చూపించి, తర్వాత తరగతిలో వాటి మీద పని చేయించే కార్యక్రమాలున్నాయి. ఏడాదికి చూసేవి కొన్నే. చీకట్లో, పెద్ద తెర మీద, పక్కవాళ్ళ ఊపిరి వింటూ చూస్తారు. ఆ అనుభవాన్ని గదిలో దుప్పట్లు కప్పుకుని మేం ఎంత తంటాలు పడ్డా తేలేం.

ఇదంతా చేస్తే ఆనందం పోతుందని భయపడేవాళ్ళకు ఒక మాట చెప్పండి. గ్లాసు దగ్గర కట్ ఎలా పడిందో తెలిశాక కూడా ఆ సీను నాలుగోసారి చూసినప్పుడు నర్సు కళ్ళు తుడుచుకుంది. ఎందుకని మేం అడగలేదు.

చివరగా, ఎండ్ టైటిల్స్. మా దర్జీ గారు అవి పూర్తయ్యేదాకా కదలరు. ఇంట్లో చూస్తే వాటిని ఒక మూలకు నెట్టేసి తర్వాతి సినిమా మొదలైపోతుంది కదా, ఆ ఐదు సెకన్లలో రిమోటు కోసం ఆయన పడే హడావుడి చూడాలి. కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఆపించుకుంటూ, బట్టల విభాగం వచ్చేదాకా చదువుతారు. కుట్టినవాళ్ళ పేర్లు ఆయనకు దొరికాయి. పాతబెట్టినవాళ్ళ పేర్లు ఏ మాట కింద వేస్తారని చాలాకాలం అడుగుతూ వచ్చారు. వెతికి చెప్పాను. బ్రిటన్ సినిమాల్లో బ్రేక్‌డౌన్ ఆర్టిస్ట్ అంటారు, అమెరికా సినిమాల్లో ఏజర్ డయర్ అని పడుతుంది. "మళ్ళీ చెప్పు బాబూ" అన్నారు. చెప్పాను. చొక్కా జేబులోంచి కొలతల పుస్తకం తీసి, ఎవరిదో చాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై నాలుగు అని ఉన్న అంకెల కింద, పెన్సిలుతో కూడబలుక్కుంటూ ఆ రెండు మాటలూ రాసుకున్నారు.

ఇట్లు,
మీ తరగతిలోంచి మధ్యలో లేచి వెళ్ళిపోయిన
ఒక ప్రేక్షక మిత్రుడు